ఆన్‌లైన్ వనరుల జాబితా ఉంది, తరగతిలో వాడకం లేదు: ఏం చేయాలి?

గ్రంథాలయ_దీపం

మా బడిలో గ్రంథాలయ బాధ్యత నాది. ఉపాధ్యాయులకు పనికొచ్చే ఆన్‌లైన్ వనరులన్నిటినీ ఒకచోట చేర్చమని యాజమాన్యం కోరితే, సబ్జెక్టుల వారీగా, తరగతుల వారీగా వందలకొద్దీ లింకులతో ఒక పట్టిక తయారుచేసి అందరికీ పంపాను. వీడియోలు, సిమ్యులేషన్లు (తెరమీద మనమే మార్చి చూడగల ప్రయోగ నమూనాలు), ఈ-పుస్తకాలు, పటాలు, అభ్యాస ప్రశ్నలు అన్నీ అందులో ఉన్నాయి. దాన్ని తెరిచి చూసినవారు మాత్రం ఒకరిద్దరే. కారణం అడిగితే, ఇన్నింటిలో ఏది మంచిదో, ఏది తమ పాఠానికి సరిపోతుందో చూసుకునే తీరిక లేదంటున్నారు. ఆ మాట కాదనలేను. మంచి వనరును గుర్తించడానికి మీ బడుల్లో ఏ పద్ధతి పాటిస్తున్నారు? పరిశీలించే పని గ్రంథాలయానిదా, సబ్జెక్టు ఉపాధ్యాయులదా? పరిశీలించినది పాఠంలోకి చేరేలా చేయడం ఎలా?

భౌతికశాస్త్రి

జాబితా పెరిగేకొద్దీ దాన్ని వాడేవారు తగ్గుతారు. ముందుగా ఒక్కొక్క ఉపాధ్యాయుణ్ణీ కలిసి, రాబోయే పాఠాల్లో పిల్లలు ఎక్కడ తడబడతారో అడగండి. ఆ తడబాటుకు సరిపోయే వనరు ఒక్కటంటే ఒక్కటి వెతికి ఇవ్వండి.

ఒక ఉదాహరణ చెబుతాను. విద్యుత్ వలయాల పాఠంలో చాలామంది పిల్లలు బల్బు కొంత విద్యుత్ ప్రవాహాన్ని మింగేస్తుందని, అందువల్ల బల్బు దాటాక తీగలో ప్రవాహం తగ్గిపోతుందని అనుకుంటారు. తీగలో జరిగేది కంటికి కనిపించదు కాబట్టి మాటలతో ఎంత సరిదిద్దినా ఈ అభిప్రాయం ఒక పట్టాన పోదు. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఫెట్ ప్రాజెక్టులో, వలయాలను మనమే కూర్చి చూసే సిమ్యులేషన్ ఒకటి ఉంది. దాన్ని తెరమీద పెట్టి బల్బుకు ముందొక అమ్మీటరు, తర్వాత ఒక అమ్మీటరు కలుపుతాను. స్విచ్చి వేయకముందే, రెండో అమ్మీటరు ఎంత చూపిస్తుందో ప్రతి ఒక్కరూ నోటుపుస్తకంలో రాయాలి. ఆ తర్వాత స్విచ్చి వేస్తే రెండూ ఒకే అంకె చూపిస్తాయి. నీలి చుక్కల్లా కనిపించే ఎలక్ట్రాన్లు బల్బుకు ఇటూ అటూ ఒకే వేగంతో కదులుతుంటాయి. ఇది చూసిన ఒక అమ్మాయి, "ప్రవాహం తగ్గనప్పుడు బ్యాటరీ ఎందుకు అయిపోతుంది సార్?" అని అడిగింది. శక్తి గురించి నేను చెప్పవలసిన పాఠమంతా ఆ ప్రశ్న వెంటే నడిచింది.

సిమ్యులేషన్ వాడినది కొద్ది నిమిషాలే. ఊహించి రాయించే మెట్టు లేకపోతే అదే సిమ్యులేషన్ పిల్లలకు ఒక బొమ్మలాట అయి ఊరుకుంటుంది. కాబట్టి లింకు ఇచ్చేటప్పుడు, దానితో ఏం చేయాలో చెప్పే రెండు వాక్యాలు కూడా జతచేయండి.

గణితమేష్టారు

భౌతికశాస్త్రి గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. జియోజీబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో త్రిభుజం గీసి శీర్షాన్ని లాగుతూ కోణాల మొత్తం మారదని చూపించడం మనలో చాలామంది చేసేదే. అయితే ఒక్కొక్క కోణాన్నీ దశాంశాల దగ్గర సవరించి చూపించడం వల్ల, తెరమీద కనిపించే మూడు అంకెలను పిల్లలు చేత్తో కూడితే ఒక్కోసారి 179.99 వస్తుంది. ముందే చేసి చూసుకున్న ఉపాధ్యాయుడికి అది అంకెల సవరణ గురించి మాట్లాడే చక్కటి అవకాశం. చూసుకోనివారికి అదే తరగతి మధ్యలో ఇబ్బంది. అందువల్ల పాఠం చెప్పేవారు స్వయంగా ఒకసారి నడిపి చూడని వనరు ఎంత పేరున్నదైనా తరగతికి సిద్ధమైనట్టు కాదు. పరిశీలన బాధ్యత సబ్జెక్టు ఉపాధ్యాయుడిదే అని నా అభిప్రాయం.

చరిత్రపుట

పూర్తిగా ఉపాధ్యాయుడిదే అనడం నాకు సమ్మతం కాదు. సాంఘికశాస్త్రంలో మాకు ఎదురయ్యే చిక్కు వేరు. జియోజీబ్రాను ఎవరు తయారుచేశారన్నది మీకు పెద్ద ప్రశ్న కాదు. ఒక యుద్ధం గురించో, ఒక వలస గురించో రాసిన పేజీని తరగతికి తీసుకెళ్లాలంటే, రాసినవారెవరు, ఎవరి డబ్బుతో రాశారు, ఏ ఉద్దేశంతో రాశారు అన్నదే మాకు మొదటి ప్రశ్న. ఆ వెతుకులాటలో గ్రంథాలయ నిపుణులకున్న శిక్షణ మాకు లేదు.

కొత్త_అయ్యవారు

పేజీలో 'మా గురించి' అనే భాగం ఉందా, తేదీ ఉందా, అక్షరదోషాలు ఉన్నాయా, చిరునామా చివర డాట్ ఓఆర్‌జీ ఉందా అని చూసుకుంటే సరిపోదా? మాకు ఉపాధ్యాయ శిక్షణలో ఇచ్చిన తనిఖీ పట్టిక ఇలాగే ఉంది.

చరిత్రపుట

సరిపోదండీ. డాట్ ఓఆర్‌జీ పేరును ఎవరైనా నమోదు చేసుకోవచ్చు. అందమైన పేజీ, ఆకట్టుకునే పరిచయం తయారుచేయడం ఈ రోజుల్లో ఎవరికైనా సాధ్యమే.

1998లో ఒకరు చెట్లమీద బతికే ఆక్టోపస్ గురించి ఒక వెబ్‌సైటు పెట్టారు. అలాంటి జీవి లేనే లేదు. అయినా అందులో ఫొటోలున్నాయి, ఎక్కడెక్కడ కనిపించిందో వివరాలున్నాయి, అది అంతరించిపోతోందనీ కాపాడాలనీ విజ్ఞప్తి ఉంది. కనెటికట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాన్ని బడి పిల్లలకు చూపిస్తే దాదాపు అందరూ నమ్మారు. మీరు చెప్పిన పట్టిక పట్టుకుని చూస్తే ఆ పేజీ చాలావరకు నెగ్గుతుంది కూడా.

స్టాన్‌ఫర్డ్‌కు చెందిన శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో వెలువరించిన అధ్యయనం ఈ విషయంలో అందరం తెలుసుకోవలసినది. 10 మంది చరిత్రకారులను, 10 మంది వాస్తవ తనిఖీదారులను, 25 మంది విశ్వవిద్యాలయ విద్యార్థులను కూర్చోబెట్టి, కొన్ని వెబ్‌సైట్లు నమ్మదగినవో కాదో తేల్చమన్నారు. చరిత్రకారులూ విద్యార్థులూ చాలామంది ఆ పేజీనే పైనుంచి కిందికి శ్రద్ధగా చదువుతూ ఉండిపోయారు. తనిఖీదారులు మాత్రం వెంటనే ఆ పేజీ వదిలి, కొత్త ట్యాబులు తెరిచి, ఆ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో వెతికారు. తక్కువ సమయంలో సరైన నిర్ణయానికి వచ్చింది వాళ్లే. పేజీ తన గురించి తాను చెప్పుకునే మాటలకంటే బయటివారు దాని గురించి చెప్పేది ముందు చూడాలని నేను పిల్లలకూ ఇదే నేర్పిస్తున్నాను.

కొత్త_అయ్యవారు

మరి వికీపీడియా? మా సీనియర్లు దాన్ని తరగతి దరిదాపులకు కూడా రానివ్వవద్దంటారు.

చరిత్రపుట

ఆ తనిఖీదారులు మొదట తెరిచినవాటిలో వికీపీడియా కూడా ఉంది. వ్యాసం చదివి ఆగిపోకుండా, కింద ఇచ్చిన మూలాల దగ్గరికి వెళ్లారు. నేను తరగతిలో ఒక వ్యాసం 'చరిత్ర' ట్యాబు తెరిచి, ఒకే వాక్యాన్ని ఎవరెవరు ఎప్పుడెప్పుడు ఎలా మార్చారో పాత కూర్పులను పక్కపక్కన పెట్టి చూపిస్తాను. తర్వాత 'చర్చ' పేజీ తెరుస్తాను. చరిత్ర రాయడంలో ఆధారాలకోసం వాదన ఎలా జరుగుతుందో పిల్లలు కళ్లారా చూసే చోటు అంతకంటే మరొకటి నాకు దొరకలేదు.

ప్రాథమిక_పంతులమ్మ

పెద్ద తరగతుల సంగతి మీరు చెబుతున్నారు. ఆరేడేళ్ల పిల్లల దగ్గర నాకున్న బాధ మరొకటి. పాఠం వీడియో బాగానే ఉంటుంది, కానీ మధ్యలో ప్రకటన వస్తుంది, అయిపోగానే దానంతటదే మరో వీడియో మొదలవుతుంది, పక్కన కనిపించే బొమ్మలమీదికి పిల్లల చూపు పోతుంది. ఇంకొన్నింటిలో పాఠానికి సంబంధం లేని సంగీతం, గెంతే బొమ్మలు, మెరుపులు నిండిపోయి ఉంటాయి. పిల్లలు నవ్వుతారు, చప్పట్లు కొడతారు. తర్వాత అడిగితే గెంతిన కుందేలు గుర్తుంటుంది, కూడిక గుర్తుండదు. చిన్నపిల్లల వనరులను పరిశీలించేటప్పుడు ఇదే నా మొదటి కొలత.

భౌతికశాస్త్రి

పంతులమ్మగారు గమనించినదాన్నే రిచర్డ్ మేయర్ వంటి విద్యా మనోవైజ్ఞానికులు ప్రయోగాలలో పదే పదే చూశారు. పాఠానికి అవసరం లేని బొమ్మలు, శబ్దాలు, ముచ్చట్లు తీసేస్తే నేర్చుకోవడం మెరుగవుతుంది. ఆకట్టుకోవడం కోసం చేర్చినవే అడ్డుపడతాయి.

గణితమేష్టారు

వీడియో 6 నిమిషాలకు మించకూడదని కూడా చాలాచోట్ల చదివాను. దాన్నీ మన నియమాల్లో చేరుద్దామా?

భౌతికశాస్త్రి

వద్దని నా మనవి. ఆ సంఖ్య 2014లో ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ వేదిక కోర్సుల మీద జరిగిన అధ్యయనంలోనిది. ఆన్‌లైన్ కోర్సుల్లో తమంతట తాము కూర్చుని చూసేవారు వీడియోను ఎంతసేపు వదలకుండా చూస్తారన్నది అందులో లెక్కించారు. అది తరగతి గది కాదు, కొలిచింది నేర్చుకున్నదాన్నీ కాదు. తరగతిలో ఉపాధ్యాయుడు వీడియోను ఆపి ప్రశ్న వేయగలడు, వెనక్కి తిప్పగలడు, అవసరమైన ముక్క మాత్రమే చూపించగలడు. పొడవు గురించి నియమం కంటే, ఏ నిమిషం నుంచి ఏ నిమిషం వరకు చూపించాలో, ఎక్కడ ఆపి ఏమడగాలో రాసిపెట్టడం ఎక్కువ మేలు.

అక్షరశ్రుతి

ఇప్పటిదాకా ఎవరూ ఎత్తని విషయం ఒకటి చెప్పాలి. నేను చూపు, వినికిడి లోపాలున్న పిల్లలతో పనిచేస్తాను. తరగతిలో అందరూ చూస్తున్న సిమ్యులేషన్‌ను ఒక పిల్లవాడి స్క్రీన్ రీడర్ (తెరమీది మాటలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) చదవలేకపోతే, ఆ పూట అతనికి పాఠం లేనట్టే. ఇది చివరిలో చూసుకునే అంశం కాదు, ఎంపికలోనే చూడవలసిన అంశం.

కొన్ని పరీక్షలు ఎవరైనా చేయవచ్చు. మౌస్ పక్కన పెట్టి, ట్యాబ్ మీటతో మాత్రమే పేజీలోని బటన్లన్నిటినీ చేరుకోగలుగుతున్నారా? వీడియోకు ఉపశీర్షికలున్నాయా, ఉంటే అవి యంత్రం రాసినవా, మనిషి సరిదిద్దినవా? యంత్రం రాసినవాటిలో శాస్త్ర పదాలూ మనుషుల పేర్లూ తరచూ తప్పిపోతాయి; చెవులతో వినలేని పిల్ల ఆ తప్పునే పాఠంగా చదువుకుంటుంది. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడాతో మాత్రమే సరైన జవాబును చూపిస్తున్నారా? మామూలు సైజు అక్షరాల రంగుకూ వెనుక రంగుకూ మధ్య వెలుగు తేడా (కాంట్రాస్టు) 4.5:1 కంటే తక్కువ ఉండకూడదని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. దాన్ని కొలిచే ఉచిత పనిముట్లు ఆన్‌లైన్‌లోనే ఉన్నాయి. ఇవన్నీ చేయడానికి సబ్జెక్టు పరిజ్ఞానం అక్కరలేదు. గ్రంథాలయం నిరభ్యంతరంగా చేయవచ్చు.

తెరవెనుక

బడి కంప్యూటర్లూ నెట్‌వర్కూ చూసుకునేవాణ్ణి. ఇంట్లో చక్కగా నడిచిన వనరు బడిలో నడవకపోవడం నేను తరచూ చూసే సమస్య. ఒక వీడియోను ఒక్కరు చూడడం వేరు, తరగతి మొత్తం ఒకేసారి తెరవడం వేరు. బడి నెట్‌వర్కులో, పిల్లల ఖాతాతో, పిల్లలు వాడే పరికరంలోనే పరీక్షించండి. ఉపాధ్యాయుడి ఖాతాలో కనిపించేవి కొన్ని పిల్లల ఖాతాలో అసలు తెరుచుకోవు.

నెట్ బలహీనంగా ఉన్నా, అసలు లేకపోయినా దారులున్నాయి. కివిక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో వికీపీడియా మొత్తాన్ని ఒక ఫైలుగా దించుకుని నెట్ లేకుండా చదవవచ్చు. కోలిబ్రీ అనే వేదికను బడిలో ఒక చిన్న కంప్యూటర్‌లో పెడితే, ఖాన్ అకాడమీ వీడియోలు, ఫెట్ సిమ్యులేషన్లు వంటివాటిని చుట్టుపక్కల పరికరాలన్నిటికీ అదే అందిస్తుంది.

ఇంకొకటి, లింకులు నిలకడగా ఉండవు. 2013లో ఉన్న వెబ్ పేజీలలో 38 శాతం పదేళ్ల తర్వాత అందుబాటులో లేవని ప్యూ పరిశోధనా కేంద్రం 2024లో తేల్చింది. వెబ్ పేజీల్లో యానిమేషన్లు నడిపే ఫ్లాష్ సాఫ్ట్‌వేర్‌కు అడోబీ 2020 డిసెంబరు 31న మద్దతు ఆపేసినప్పుడు, ఎందరో ఉపాధ్యాయులు కూర్చుకున్న యానిమేషన్లు ఒక్కసారిగా నిలిచిపోయాయి. కాబట్టి ముఖ్యమైనవాటిని దించి బడిలోనే భద్రపరచుకోవడం మంచిది.

హక్కులూ_అనుమతులూ

తెరవెనుక గారి చివరి వాక్యం దగ్గర నాకు అభ్యంతరం ఉంది. ఉచితంగా చూడగలిగినదల్లా ఉచితంగా దించుకుని పంచుకోదగినది కాదు. దించుకునే ముందు లైసెన్సు చూడాలి.

తమ పనిని ఇతరులు ఏ షరతులతో వాడుకోవచ్చో కర్తలు ముందే చెప్పే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు 2002లో వచ్చాయి. 'బై' అని ఉంటే కర్త పేరు చెప్పాలి. 'ఎస్ఏ' ఉంటే మనం మార్చి పంచేదాన్ని కూడా అవే షరతులతో పంచాలి. 'ఎన్‌సీ' ఉంటే వ్యాపారానికి వాడకూడదు. 'ఎన్‌డీ' ఉన్నప్పుడు మార్చిన రూపాన్ని పంచకూడదు. అనువాదం కూడా మార్పు కిందికే వస్తుంది. ఏ లైసెన్సూ కనిపించకపోతే హక్కులన్నీ కర్తవేనని భావించి, నకలు చేయకుండా లింకు మాత్రమే ఇవ్వడం క్షేమం. లేదా ఒక ఉత్తరం రాసి అనుమతి అడగవచ్చు. బడికోసం అని చెబితే సంతోషంగా ఒప్పుకునే కర్తలు చాలామంది ఉంటారు. యునెస్కో 2019లో బహిరంగ విద్యా వనరుల మీద ఆమోదించిన సిఫారసు కూడా స్వేచ్ఛగా వాడుకుని, మార్చుకుని, తిరిగి పంచుకోగలిగిన వనరులనే ప్రోత్సహించమంటోంది. మొదటినుంచీ అలాంటివాటినే వెతికితే సగం తలనొప్పి తగ్గుతుంది.

తెరవెనుక

ఒప్పుకుంటున్నాను. లైసెన్సు అనుమతించినవాటినే దించుకోవాలి.

ఒక_తల్లి_మాట

ఉపాధ్యాయులు కాని నేను కూడా ఒక మాట చెప్పవచ్చుననుకుంటాను. ఇంట్లో ఒకే ఫోను ఉండి, ఇద్దరు ముగ్గురు పిల్లలున్నప్పుడు, ఆన్‌లైన్ అభ్యాసం ఇంటిపనిగా ఇస్తే ఎవరో ఒకరు వెనుకబడతారు. మరునాడు తరగతిలో ఆ పిల్ల తల దించుకోవలసి వస్తుంది. తప్పనిసరి పని బడిలోనే పూర్తయ్యేలా చూసి, ఇంటికి ఇచ్చేది ఐచ్ఛికంగా ఉంచండి. అలాగే ప్రతి కొత్త యాప్‌కూ పిల్లల పేరు, పుట్టినరోజు, ఫోను నంబరు ఇవ్వమంటున్నారు. ఆ వివరాలు ఎక్కడికి పోతున్నాయో మాకు చెప్పేవారు లేరు.

తెరవెనుక

ఈ తల్లిగారి ప్రశ్న న్యాయమైనది. ఖాతా లేకుండా వాడగలిగినదానికే మొదటి ఓటు వేయాలి. ఖాతా తప్పదంటే అసలు పేరు బదులు బడి ఇచ్చే సంకేతనామం సరిపోతుందేమో చూడాలి. చాలా సేవలు 13 ఏళ్లలోపువారిని చేర్చుకోకపోవడానికి కారణం, తల్లిదండ్రుల అనుమతి లేకుండా అంత చిన్నపిల్లల వివరాలు సేకరించరాదని 1998లో అమెరికా చేసిన చట్టం. వయసు హద్దు దేశాన్నిబట్టి మారుతుంది. షరతుల్లో వయసు నిబంధన చదవకుండా పిల్లల తరఫున బడి 'అంగీకరిస్తున్నాను' నొక్కకూడదు.

పరిపాలన_బల్ల

ప్రధానోపాధ్యాయుడి కుర్చీలోంచి రెండు విషయాలు. డబ్బు కట్టి తీసుకునే సేవ అయితే ముందు ఒక తరగతిలో కొన్ని వారాలు వాడి చూడనివ్వమని అడగండి; ఒప్పందం ముగిసినప్పుడు పిల్లల వివరాలను తిరిగి ఇచ్చి, తమ దగ్గరివి తొలగిస్తారని రాతపూర్వకంగా తీసుకోండి. పొడిగించే ముందు వాడిన ఉపాధ్యాయుల మాట వినండి, అమ్మేవారి పట్టికలు కాదు.

రెండోది, తీరిక లేదన్న ఉపాధ్యాయుల మాటను యాజమాన్యం తన బాధ్యతగా తీసుకోవాలి. వారానికి ఒక పీరియడు సబ్జెక్టు బృందానికి ఖాళీ ఇచ్చి, ఒకరు తాము వాడిన ఒక్క వనరును మిగతావారికి నడిపి చూపించేలా మేము ఏర్పాటు చేశాం. సమయం కేటాయించకుండా వాడమనడం ఆదేశమే అవుతుంది గాని సహాయం కాదు.

గ్రంథాలయ_దీపం

అందరి మాటలూ చదివాక పని ఇలా విభజించవచ్చుననిపిస్తోంది. తయారుచేసినవారెవరు, లైసెన్సు ఏమిటి, ఖాతా కావాలా, లింకు పనిచేస్తోందా, అక్షరశ్రుతి గారు చెప్పిన పరీక్షల్లో నెగ్గుతోందా అన్నవి గ్రంథాలయం చూస్తుంది. విషయం సరైనదేనా, తరగతి స్థాయికి తగినదా అన్నవి సబ్జెక్టు ఉపాధ్యాయులు చూస్తారు. వాడిన తర్వాత ఏ పాఠంలో, ఏ తడబాటుకోసం, ఎలా వాడారో, పిల్లలు ఏమడిగారో వాళ్లే నాలుగు వాక్యాలు రాస్తారు. వనరులకు నక్షత్రాల రేటింగు కూడా పెట్టాలా?

గణితమేష్టారు

నక్షత్రాలు వద్దు. నాకు మూడు నక్షత్రాలైనది మరో తరగతికి ఐదు కావచ్చు. ఆ నాలుగు వాక్యాలే విలువైనవి. పనిచేయని సందర్భాలు కూడా రాయమనండి. "ఈ స్లైడర్ పిల్లలకు అర్థం కాలేదు, కాగితంమీద చేస్తేనే మేలు" అనే ఒక్క వాక్యం తర్వాతివారికి ఒక పీరియడు మిగులుస్తుంది.

కొత్త_అయ్యవారు

ఏఐతో పాఠాలు, ప్రశ్నపత్రాలు తయారుచేసి ఆన్‌లైన్‌లో పెడుతున్నవారి సంగతి ఏమిటి? పైకి చాలా శుభ్రంగా ఉంటున్నాయి.

చరిత్రపుట

అవి లేని పుస్తకాలను, జరగని సంఘటనలను ఎంతో నమ్మకంగా ఉదహరించగలవు. ప్రతి ఉదాహరణకూ మూలం వేరేచోట దొరుకుతుందో లేదో చూడండి. దొరకనిది తరగతిలోకి రాకూడదు. ప్రశ్నలైతే జవాబులన్నీ ఉపాధ్యాయుడు స్వయంగా చేసి సరిచూసుకోవాలి.

ప్రాథమిక_పంతులమ్మ

దొరికిన మంచి వనరుల్లో ఎక్కువ భాగం మా పిల్లలు చదివే భాషలో లేవు. యంత్రానువాదం పెట్టుకుని వాడవచ్చా?

హక్కులూ_అనుమతులూ

అర్థం చేసుకోవడానికి మీరు వాడుకోవచ్చు గాని సరిచూడకుండా పిల్లల చేతికి ఇవ్వకండి. ఫెట్ వంటి కొన్ని ప్రాజెక్టులు సిమ్యులేషన్లోని మాటలను ఎవరైనా తమ భాషలోకి మార్చి పంపే పనిముట్టు ఇస్తున్నాయి. ఒక సిమ్యులేషన్లో ఉండే మాటలు మహా అయితే ఒకటి రెండు పేజీలు. మిగతావాటికి ముందు లైసెన్సులో 'ఎన్‌డీ' లేదని చూసుకోండి. అనువాదం ఒకరు చేస్తే, సబ్జెక్టు తెలిసిన మరొకరు చదవాలి. పిల్లల పాఠ్యపుస్తకంలో ఏ పారిభాషిక పదం ఉందో అదే వాడండి, ఎంత మంచి పదం తట్టినా కొత్తది పెట్టకండి.

భౌతికశాస్త్రి

వలయాల సిమ్యులేషన్ మీ భాషలో ఇంకా లేకపోతే చెప్పండి పంతులమ్మగారూ. మాటల జాబితా దించి మీకు పంపుతాను. మీరు చిన్నపిల్లలకు అర్థమయ్యేలా రాస్తే, శాస్త్రం సరిగ్గా ఉందో లేదో నేను చూస్తాను.